నలభై ఒక్క టీ డబ్బాలు పరుచుకుని ఎక్కడ మొదలెట్టాలి అన్న తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయనగరంలో ఉంటావు, అక్కా బావా విదేశం నుంచి వచ్చినప్పుడల్లా తెచ్చినవి, ఆఫీసులో దీపావళికి ఇచ్చినవి, నువ్వు ఆన్‌లైన్‌లో కొన్నవి కలిపి నలభై ఒక్క రకాల ఫ్లేవర్డ్ టీలు పోగయ్యాయి. రోజుకి ఐదారు చొప్పున రుచి చూడబోతే పదోదానికల్లా అన్నీ ఒకేలా అనిపించాయి. ఎక్సెల్ షీట్‌లో "బాగుంది, పర్లేదు, బాగుంది" తప్ప ఇంకేం రాయలేకపోయావు. పైగా 2023తో గడువు అయిపోయిన గులాబీ టీ డబ్బా ఒకటి, దాని సీలు తీయాలా పారేయాలా. ఇంతే కదా.

నేను టీ పండితుణ్ణేం కాదు. డిగ్రీ అయ్యాక తొమ్మిదేళ్లు మా మావయ్య టీపొడి హోల్‌సేల్ కొట్లో పనిచేశాను, అదీ మీ విజయనగరంలోనే. అస్సాం నుంచి గుళికల్లా ఉండే సీటీసీ, మెత్తటి డస్టు టీపొడి బస్తాలు దిగేవి. ఏ హోటలుకి ఏ పొడి ఎంత కలపాలో తేల్చడానికి పొద్దున్నే పింగాణీ కప్పులు వరసగా పెట్టి రుచి చూడటం నా డ్యూటీ. మావయ్య ఒక్క చెంచా జుర్రి "రంగే ఉంది, దమ్ము లేదు" అని పక్కన ఊసేసేవాడు, నాకు ఆ రెండూ వేరని తెలియడానికే ఏడాది పట్టింది. ఫ్లేవర్డ్ టీల పిచ్చి ఆ తర్వాత, శ్రీకాకుళం వచ్చాక పట్టుకుంది. ఇప్పుడు నా పుస్తకంలో నంబర్లు 130 దాటాయి, ఇంట్లో డబ్బాలు మాత్రం 58. మిగతావి తాగేశాం, కొన్ని పాడయ్యాయి, ఆ పాడైనవాటి దగ్గరే నేను ఎక్కువ నేర్చుకున్నాను.

అందుకే ముందు ఒకటి చెప్తాను, ఇది ఒప్పుకోకపోతే మిగతాది చదవక్కర్లేదు. టీ కేటలాగ్ రాసుకునేది ఏ డబ్బా ముందు ఖాళీ చేయాలో తెలియడానికి. స్టాంపులూ నాణేలూ దాచుకున్నట్టు దీన్ని దాచుకోలేం. ఫ్లేవర్డ్ టీలో ఆకు కంటే ముందు వాసన పోతుంది, మనలాంటి సముద్రం పక్క జిల్లాల్లో ఇంకా తొందరగా పోతుంది. నువ్వు రుచి రాసుకునే లోపే రుచి వెళ్లిపోతోంది, నీకు అన్నీ ఒకేలా అనిపించడానికి సగం కారణం అదే. మిగతా సగం, ఒకే పూట ఐదారు తాగడం.

సీళ్లు ఏవీ తీయకుండా డబ్బాలన్నీ చాప మీద పరిచి, వెనకాల సన్నక్షరాల్లో ఉండే పదార్థాల జాబితా చదువు. మన దేశంలో అమ్మే ప్యాకెట్ల మీద బరువులో ఎక్కువున్నది ముందు, తక్కువున్నది వెనక రాయాలని నిబంధన. ముందు వైపు బొమ్మ నమ్మకు. నా దగ్గర బ్లూబెర్రీ టీ ఒకటుండేది, డబ్బా నిండా పళ్ల బొమ్మలే, వెనక చూస్తే ఎండు ఆపిల్ ముక్కలు, హైబిస్కస్, ఫ్లేవరు. బ్లూబెర్రీ లేదు సరే, అసలు తేయాకే లేదు. ఇలా చదివితే నీ నలభై ఒకటీ వాటంతటవే నాలుగు కుప్పలవుతాయి: పూలతో వాసన పట్టించిన ఆకు, నూనెలూ ఎసెన్సులూ చల్లిన ఆకు, దినుసులూ ముక్కలూ కలిపిన ఆకు, తేయాకు లేనివి. గ్రీన్, బ్లాక్, వైట్, ఊలాంగ్ అన్నీ ఒకే మొక్క ఆకులు, చేసే పద్ధతే తేడా. చామంతి, తులసి, రూయిబోస్ అనే దక్షిణాఫ్రికా పొద ఆకు, హైబిస్కస్ మాత్రం ఆ మొక్కవి కావు, వాటిని తేయాకు పక్కన పెట్టి మార్కులేస్తే వంకాయనీ చేపనీ పోల్చినట్టే.

హైబిస్కస్ అనగానే చాలామంది మందార పువ్వనుకుంటారు. నేనూ మొదట పుస్తకంలో "మందార టీ" అనే రాశాను. తీరా చూస్తే ఎర్రగా పుల్లగా ఉండే ఆ టీ మన గోంగూర మొక్కది, పువ్వు రాలాక కాయ చుట్టూ ఉండే ఎర్రటి కండ రేకలు ఎండబెట్టి అమ్ముతారు. జూట్ మిల్లుల కోసం మన జిల్లాల్లో వేసే గోగు కూడా ఆ కుటుంబమే. ఈ సంగతి తెలిసిన రోజు అమ్మ దగ్గరికి కప్పు పట్టుకెళ్లి ఇది గోంగూరమ్మా అంటే, ఒక గుక్క తాగి "మరి ఉప్పు మరిచిపోనారేటి" అంది. దాంట్లో పాలు మాత్రం పోయకు, పులుపుకి విరిగిపోతాయి.

ఇప్పుడు దాచడం. గాజు సీసాల్లో షోకేసులో పెట్టానని రాశావు, ఫోటో బాగుంటుంది, టీ చచ్చిపోతుంది. వెలుతురు, గాలి, చెమ్మ, పక్కవాటి వాసన, నాలుగూ దీనికి శత్రువులే. ఎండిన ఆకు స్పాంజిలాంటిది. ఒకసారి డబ్బాలు దుమ్ము పట్టకుండా బీరువాలో పెట్టాను, అడుగున కలరా ఉండలున్నాయన్న ధ్యాస లేదు. నెల తర్వాత పద్నాలుగు రకాలకి పద్నాలుగూ కలరా ఉండల టీలే. ఇంకోసారి ఫ్రిజ్. అప్పుడు పలాసలో అద్దెకుండేవాళ్లం. గ్రీన్ టీలు ఫ్రిజ్‌లో పెడితే తాజాగా ఉంటాయని ఎవరో చెప్తే పెట్టాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది కదా, రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్ లోపలంతా చెమ్మ పట్టింది, అందులోనే ఆవకాయ, అల్లం వెల్లుల్లి ముద్ద, నా మల్లె టీ. కరెంటు వచ్చాక మూత తీస్తే ఆకు వేలికి మెత్తగా తగిలింది, వాసన ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. ఊళ్లో జీడితోటలూ కొబ్బరిచెట్లూ నేలకూలి జనం ఏడుస్తుంటే టీ పోయిందని నేను బాధపడితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. ఆ తర్వాత నుంచి రేకు డబ్బా, లోపల సీలు కవరు, చీకటి అలమర, వంటింటికి దూరం, ఇంతే. ఫ్రిజ్ కరెంటు పోనప్పుడు కూడా మంచిది కాదు, బయటికి తీసి మూత తెరిచిన ప్రతిసారీ చల్లటి ఆకు మీద నీరు పడుతుంది. మసాలా టీకి ఒక అర, కట్టెల పొగ మీద ఆరబెట్టిన పొగ టీకి ఇంకో అర వేరే పెట్టు, అవి పక్కవాళ్లని బతకనివ్వవు.

రుచి చూడటానికి వస్తే, ఒక పూటకి మూడు. నాలుగోది వద్దు. ఉదయం టిఫిన్ అయిన గంటన్నరకి బాగుంటుంది, పరగడుపున గ్రీన్ టీ వరసగా తాగితే కడుపులో తిప్పుతుంది, మధ్యాహ్నం నెత్తళ్ల పులుసు తిన్నాక తాగితే ఏం తెలుస్తుంది. పక్కన ఊసేయడానికి గిన్నె పెట్టుకో, సిగ్గుపడకు, కొట్లో మేం రోజూ చేసిన పనే అది, మింగుతూ పోతే రాత్రికి నిద్ర ఉండదు. మధ్యలో నోరు కడుక్కోవడానికి గోరువెచ్చటి నీళ్లు, ఉప్పూ కారం లేని వట్టి మురీలు. వరస సన్నటి వాసన నుంచి ముదురు వాసనకి పోవాలి: వైట్, గ్రీన్, మల్లె, ఆ తర్వాత నల్ల టీలు, నిమ్మజాతి వాసన పట్టించిన ఎర్ల్ గ్రే, చివర్న మసాలా, పొగ టీ. తిరగేస్తే ఆ పూట పోయినట్టే.

చెంచాతో కొలవకు. చెంచాడు సీటీసీ గుళికలు, చెంచాడు మల్లె టీ తూచి చూడు, నా కాటా మీద మొదటిది దాదాపు రెట్టింపు తూగింది. బంగారం తూచే బుల్లి డిజిటల్ కాటా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, నలభై ఒక్క డబ్బాలు కొన్నవాడివి అది కొనలేవా. టీ రుచి చూడటానికి ఏకంగా అంతర్జాతీయ ప్రమాణమే ఉంది, ఐఎస్ఓ 3103 అని, 1980లో వచ్చింది: వంద మిల్లీలీటర్ల మరిగే నీళ్లకి రెండు గ్రాముల ఆకు, ఆరు నిమిషాలు. దాని జోడీ బ్రిటిష్ ప్రమాణానికి 1999లో ఇగ్ నోబెల్ అని ఒక వెటకారపు బహుమతి కూడా ఇచ్చారు, కప్పు టీ పెట్టడం ఆరు పేజీలు రాశారని. నవ్వుకున్నా గానీ అందులో విషయముంది. అది హాయిగా తాగడానికి రాసింది కాదు, అన్నిటినీ ఒకే కొలతతో పెట్టి లోపాలు బయటపెట్టడానికి రాసింది. నేను రెండు గ్రాములూ వంద మిల్లీలీటర్లూ ఉంచుకున్నాను, టైము మార్చుకున్నాను. నల్ల టీకి నాలుగు నిమిషాలు, గ్రీన్‌కి 80 డిగ్రీల నీళ్లలో రెండు నిమిషాలు, గోంగూరా చామంతీ లాంటివాటికి ఏడెనిమిది. థర్మామీటరు లేకపోతే మరిగిన నీళ్లు ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి రెండుసార్లు మార్చు, ఒక్కో మార్పుకి సుమారు పది డిగ్రీలు దిగుతుంది. నీళ్లు అన్నిటికీ ఒకటే ఉండాలి. మా వీధి బోరు నీళ్లతో పెడితే నల్ల టీ మీద సన్నటి తెట్టు కడుతుంది, అదే టీ మామూలు తాగే నీళ్లతో తేటగా ఉంటుంది. ఇవాళ బోరు, రేపు క్యాను అయితే నువ్వు పోలుస్తున్నది నీళ్లని.

కప్పు లోపల తెల్లగా ఉండాలి, రంగు కనపడాలి కదా. పొడి ఆకు వాసన చూడు, తడిసిన ఆకు మూత కింద ఇంకోసారి చూడు, ఆ తర్వాత చెంచాతో చప్పుడొచ్చేలా జుర్రు. మర్యాదగా సిప్ చేస్తే సగం తెలియదు, గాలితో పాటు జుర్రితే వాసన గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది.

ఇక్కడ ఒక చిన్న పరీక్ష చెప్తాను, మీ అక్క పిల్లలతో కూడా చేయించు. మామిడి టీయో పీచ్ టీయో తీసుకుని, ముక్కు రెండు వేళ్లతో గట్టిగా మూసుకుని ఒక గుక్క నోట్లో తిప్పు. చేదు, వగరు, ఇంకేం లేదు. ఇప్పుడు ముక్కు వదులు, టపీమని మామిడి వస్తుంది. మూసుకున్నప్పుడు ఉన్నది ఆకు, వదిలినప్పుడు వచ్చింది చల్లిన ఎసెన్సు. ఈ రెండూ పుస్తకంలో రెండు వేర్వేరు గళ్లలో రాసుకోవాలి. మంచి టీలో ముక్కు మూసుకున్నా నాలుక మీద పలుచటి తీపో, వగరో ఏదో ఒక పని జరుగుతూ ఉంటుంది, నాసిరకంలో వట్టి చేదు. డబ్బా మూత తీయగానే ఇల్లంతా గుప్పుమన్నదే మంచి టీ అనుకోవడం నా మొదటి రెండేళ్ల పొరపాటు.

ఇక నీ "బాగుంది, పర్లేదు" సంగతి. నువ్వు డబ్బా మీది మాటల్లో రాయాలని చూస్తున్నావు, ఫ్లోరల్, సిట్రస్సీ, మాల్టీ అని. అవి మనం చిన్నప్పుడు నోట్లో పెట్టుకున్నవి కావు కాబట్టి చేతికి రావు. వగరు అన్న ఒక్క మాట మనకుంది చూడు, ఉగాది పచ్చడి దగ్గర్నించి నేర్చుకున్నాం, టీకి దానికంటే పనికొచ్చే మాట లేదు. దాన్ని నేను మూడు మెట్లు చేసుకున్నాను: నేరేడు వగరు, జామపిందె వగరు, జీడిమామిడి పండు వగరు. మూడోది మన పలాస వైపు పిల్లలకి చెప్పక్కర్లేదు, గొంతు పట్టేస్తుంది. డార్జిలింగ్ మొదటి కోత ఆకు నాకు నేరేడు దగ్గర ఆగింది, ఎక్కువసేపు నానిన గ్రీన్ టీ బ్యాగు జీడిమామిడి దాకా వెళ్లింది. వాసనలకీ అంతే. ఎర్ల్ గ్రేలో ఉండే బెర్గమాట్ ఇటలీ వైపు పండే నిమ్మజాతి కాయ, నేను కాయ చూసిన పాపాన పోలేదు, కానీ దబ్బతొక్క గోటితో గిల్లితే వచ్చేదానికి బాగా దగ్గర. జపాను వాళ్ల గెన్‌మైచా, వేయించిన బియ్యం కలిపిన గ్రీన్ టీ, అది నాకు మురీలు వేపే బట్టీ పక్కన నిలబడ్డట్టుంటుంది. చైనా నుంచి వచ్చే లాప్సాంగ్ సూచాంగ్‌ని పైన్ కట్టెల పొగ మీద ఆరబెడతారు, దానికి నా పుస్తకంలో ఉన్నది "అమ్మమ్మ దాలి మీద పాలు" అని, అంతే. ఆ మాట చదవగానే నాకు ఆ కప్పు మొత్తం గుర్తొస్తుంది. వేరేవాళ్లకి అర్థం కాకపోతే పోనీ, పుస్తకం నీది.

నీకు నమూనా కావాలన్నావు కాబట్టి నాది ఒకటి ఉన్నదున్నట్టు దించుతున్నాను.

"నం. 27. ఎర్ల్ గ్రే. చెల్లి బెంగళూరు నుంచి. తీసింది 14 జనవరి 2024, భోగి. నల్ల టీ, బెర్గమాట్ నూనె, నీలం రేకులు (రుచి లేదు, సోకు). పొడి: దబ్బతొక్క, వెనకాల ఒంటిసబ్బు. 2 గ్రా., 4 ని. ముక్కు మూస్తే: జామపిందె వగరు, కొంచెం తీపి. వదిలితే: దబ్బ గట్టిగా. పాలతో: సబ్బు పెరిగింది. అమ్మ: గ్లాసు సరిగ్గా తొలవలేదేటి. ఇస్తే తాగుతా. // ఏప్రిల్ 20: దబ్బ సగం. // ఆగస్టు 3: వట్టి నల్ల టీ. పాలు పోసి అవగొట్టాలి."

ఆ రెండు గీతల తర్వాత ఉన్నదే అసలు కేటలాగ్. మూత తీసిన తేదీ లేకపోతే మిగతా గళ్లన్నీ దండగ. మూడు నెలలకోసారి తీసినవన్నీ మళ్లీ వాసన చూసి ఒక్క ముక్క రాసుకుంటే, ఏది ముందు పోతుందో నీకే తెలిసిపోతుంది. నిమ్మజాతివి ముందు, ఎసెన్సు పళ్లవి వాటి వెనక, గ్రీన్ మీద చల్లినవైతే ఇంకా తొందరగా. లవంగం, దాల్చినచెక్క ముక్కలుగా ఉన్నవి నిలబడతాయి, పొగ టీ అన్నిటికంటే మొండిది. ఎక్సెల్‌లోనే రాసుకుంటానంటే రాసుకో, నాకు తడిచేత్తో ఫోను తీయబుద్ధి కాదు, పొడుగు రూళ్ల పుస్తకం అలమరకే దారంతో కట్టేశాను. పదికి మార్కులు వేయకు, ఏడుకీ ఏడున్నరకీ తేడా రేపటికి నీకే గుర్తుండదు. నావి మూడే: మళ్లీ కొంటా, ఇస్తే తాగుతా, చుట్టాలకి. నంబరు మూత మీద కాకుండా డబ్బా అడుగున అతికించు. సంక్రాంతికి పిల్లలొచ్చి మూతలు మార్చేసి వెళ్తే నేను వారం రోజులు వెనిల్లా టీకి "పచ్చిగడ్డి వాసన" అని రాసుకున్నాను.

మల్లె టీ ఇంట్లో చేయొచ్చా అని చివర్లో అడిగావు. చేయొచ్చు, ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. చైనాలో ఫూజియాన్ వైపు మల్లె టీకి వాడే పువ్వు మన గుండుమల్లె జాతే. సాయంత్రం మొగ్గలు కోసి, రాత్రి అవి విచ్చుకునేటప్పుడు ఆకుతో కలిపి ఉంచి, పొద్దున్న పూలు ఏరేసి ఆకు ఆరబెట్టి, మర్నాడు మళ్లీ కొత్త పూలతో అదే పని, మంచి రకానికి ఇలా చాలాసార్లు చేస్తారు. వాసన ఆకులోకి వెళ్లిపోతుంది కాబట్టి డబ్బాలో రేకులు కనబడితేనే అసలైనదనుకోకు. మే నెలలో బజారులో మల్లెమొగ్గలు చవగ్గా ఉన్నప్పుడు యాభై గ్రాముల సాదా గ్రీన్ టీ, అంతే బరువు మొగ్గలు, స్టీలు డబ్బాలో ఒక వరస ఆకు, ఒక వరస మొగ్గలు వేసి పైన పలుచటి గుడ్డ కప్పాను. మొదటిసారి బద్ధకించి రెండు రోజులు వదిలేస్తే పూలు కమిలి గుడిలో నిన్నటి దండల వాసన పట్టింది, మొత్తం పారబోశాను. రెండోసారి తెల్లారి ఐదింటికి లేచి ఏరాను. ఆకు అప్పటికి పూల చెమ్మ పీల్చి మెత్తబడింది, పెనం వేడిచేసి స్టవ్ ఆపేసి ఆ వేడి మీద పల్చగా పరిచి, వేలితో నలిపితే చిటుక్కుమనేదాకా ఆరబెట్టాను. మూడు రాత్రులు చేశాక వచ్చిన కప్పు కొన్నదానంత బాగా లేదు, వాసన కుదురుగా ఉంది గానీ అడుగున కొంచెం మాడు. నం. 91, "మళ్లీ చేస్తా". ఆ గడి దానికోసమే కొత్తగా కలిపాను.

గులాబీ టీ డబ్బా. సీలు పోలేదు, పొడిగా ఉంది అంటే విషమేం కాదు, నీరసించి ఉంటుంది. తీయి. బూజు వాసన, మట్టి వాసన, ఆకు ఉండకట్టడం, వీటిలో ఏది ఉన్నా ఆలోచించకుండా పారేయి. అవేం లేకపోతే రెండు గ్రాములు పెట్టి చూడు, గులాబీ మిగలకపోయినా కింది నల్ల టీ పాలల్లో పనికొస్తుంది. అదీ బాగా లేకపోతే ఆకుని పల్చటి గుడ్డలో మూటకట్టి చెడు వాసనలున్న చోట పెట్టు, వాసన పీల్చడం దానికి చేతనైన పనే కదా. కలరా ఉండల బీరువాలోంచి తీసిన నా నం. 9 మూట కట్టించుకుని వరండాలో చెప్పుల స్టాండు కింద ఉంది.